గొట్టానికి ఎంగిలి లేదు

"ఆపరేషన్ వద్దన్నారంటే అర్థమేమిటే? చెయ్యి దాటిపోయిందనేగా?"

అత్తగారు ఆ మాట అనేసి, అన్నందుకు తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొయ్యి మీద పాలు పొంగి గట్టు మీదకి కారుతున్నాయి. దించాలన్న ధ్యాస ఆవిడకీ లేదు, పక్కనే నిలబడ్డ కోడలికీ లేదు.

కోడలిని ఆ ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. చిన్నప్పుడు పుల్లలా ఉండేదని అన్నగారు పెట్టిన "పిచ్చుక" అన్న పేరే పుట్టింట్లో నిలిచింది, అత్తింటికీ వెంట వచ్చింది. ఇప్పుడు ఐదో నెల. ఈ నడకకి ఆ పేరు నప్పడం లేదని అత్తగారే వేళాకోళం చేసేది. అదంతా ఈ గొంతు గొడవ రాకముందు.

గొంతు మొగుడిది. గాజు బట్టీలో సీసాలు ఊదే మనిషి. కుడివైపు టాన్సిల్ మీద పుండు లేచింది. మింగితే నొప్పి లేదు, పట్టి చూస్తే నొప్పి లేదు, అదే విచిత్రం. తరవాత మెడ పక్కన బిళ్ళ కట్టింది, పోకచెక్కంత, గట్టిగా. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, వీధి చివరి డాక్టరిచ్చిన మాత్రలు మింగాడు. చివరికి పెద్దాసుపత్రిలో పుండులోంచి ముక్క తీసి పరీక్షకి పంపించి, మెడ కోసి బిళ్ళ తీసేయాల్సి రావచ్చు, సోమవారం వచ్చి చేరమన్నారు. అప్పట్నుంచి ఇంట్లో అందరూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని తిరుగుతున్నారు. క్యాన్సర్ అన్న మాట ఒక్కరూ నోటితో అనలేదు. పాము పేరెత్తకుండా పురుగు అన్నట్టు, "అది" అనేవారు.

ఈ పూట అతను ఆసుపత్రి నుంచి ఒక్కడే వచ్చాడు. "ఆపరేషన్ అక్కర్లేదన్నారు" అని గుమ్మంలోనే చెప్పి, పెరట్లోకి పోయి మెట్టు మీద కూర్చున్నాడు. మంచి మాట మోసుకొచ్చినవాడి మొహం అలా ఉండదు.

"పాలు, అత్తయ్యా" అంది చివరికి.

"పోనీ. పాలదేముంది." అత్తగారు గిన్నె దించింది. "నువ్వెళ్ళి కదిలించి చూడు. నాతో చెప్పడు. ఆ బక్కెట్టు మాత్రం ముట్టుకోకు, నేను తీస్తాను. మీ వదిన చేసిన పనే నువ్వూ చేస్తావా ఏమిటి?"

వదినది పోయిన ఏటి సంగతి. ఎనిమిదో నెలలో కడుపులోనే బిడ్డ కదలడం మానేసింది. నీళ్ళ బిందె ఎత్తడం వల్లేనని అందరూ తేల్చారు. వదినా కాదనలేదు. ఇప్పటికీ నలుగురిలో ఉంటే చెంబు ఎత్తడానికి కూడా అటూ ఇటూ చూస్తుంది.

పిచ్చుక గ్లాసుతో నీళ్ళు పట్టుకెళ్ళింది.

"ఏమండీ, నీళ్ళు."

"అక్కడ పెట్టు."

ఆమె మెట్టు మీద పెట్టాక తీసుకుని తాగాడు. కుళాయి దగ్గర తనే కడిగాడు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. తెచ్చి గోడ మీద బోర్లించాడు.

"ఈ గ్లాసు ఇక్కడే ఉంటుంది. ఎవరూ ముట్టుకోకండి."

పిచ్చుక ఆ గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయింది. ఎంగిలి పట్టింపు అత్తగారిది. ఆవిడ చెంబు ఎత్తి పోసుకుంటుందే తప్ప పెదవికి తాకించదు. ఈయనగారు అందుకు పూర్తి వ్యతిరేకం. సగం తాగి మిగతా సగం పెళ్ళాం చేతిలో పెట్టేవాడు, అమ్మ చూస్తుండగా కావాలని. ఆవిడ మొహం చిట్లిస్తే నవ్వి, "గొట్టానికి ఎంగిలి లేదమ్మా" అనేవాడు.

అది బట్టీ మాట. కరిగిన గాజు గొట్టం కొసకి అంటించి ఒకడు మొదటి ఊపిరి ఊదుతాడు, రెండోవాడు అందుకుని ఉబ్బిస్తాడు, మూడోవాడు పూర్తి చేస్తాడు. గొట్టం నోటి నుంచి నోటికి పోవలసిందే. మధ్యలో తుడిచే తీరిక లేదు, తుడిస్తే గాజు చల్లారుతుంది. అంతకన్నా ముఖ్యం, తుడిస్తే పక్కవాడికి అవమానం. ఈయన పనిలో చేరిన మొదటిరోజు తెలియక చొక్కా అంచుతో తుడవబోయాడట. అక్కడే పనిచేస్తున్న పిచ్చుక అన్నగారు కేకేశాడట, "తుడిచేవాడికి ఇక్కడ పని లేదురా" అని. తుడవకుండా నోట పెట్టుకున్నాడు. "వీడు మనవాడు" అన్నాడట అన్నయ్య. ఆ తరవాత ఏడాది తిరగకుండా చెల్లెల్నిచ్చి పెళ్ళి చేశాడు. పెళ్ళిలో ఈ కథ చెప్పుకుని నవ్వనివాళ్ళు లేరు.

అలాంటి మనిషి ఇవాళ గ్లాసు వేరు పెట్టుకున్నాడు. పిచ్చుక అతని చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది.

"ఎన్నాళ్ళన్నారు?"

"ఏది?"

"మీకు. ఎన్నాళ్ళు టైమిచ్చారు? నాతో అబద్ధమాడకండి."

అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు. "నేను చావను."

"మరి ఆ మొహమేమిటి?"

"అది కాదన్నారు. ముక్కలో అది లేదట. డాక్టరమ్మ నిన్నగాక మొన్న నా రక్తం తీసింది కదా. రెండు రకాలుగా పరీక్ష చేయించిందట. రెండింట్లోనూ ఒకటే వచ్చింది."

"ఏమని?"

"సిఫిలిస్."

పిచ్చుక ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఏదో మందు పేరులా తోచింది.

"దానికి మందుందా?"

"ఉంది. సూది వేశారు. తగ్గిపోతుందన్నారు."

ఆమెకి ఒక్కసారిగా గుండెల మీది బరువు దిగింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మొగుడి భుజం మీద ఒక్కటి వేసింది. "తగ్గిపోయే జబ్బుకా ఇంత గంభీరం? మీ అమ్మ అక్కడ మిమ్మల్ని సాగనంపేసింది. ఉండండి, ఆవిడతో చెప్పొస్తాను."

"పిచ్చుకా, ఆగు." అతను ఆమె వైపు చూడలేదు. "అది సుఖవ్యాధి."

ఆ మాట ఆమెకి తెలుసు. సందుల్లో గోడల మీద అంటించే కాగితాల మీద ఉంటుంది, ఆడవాళ్ళు తల పక్కకి తిప్పుకుని దాటిపోయే మాట. చెయ్యి తలుపు గడియ మీదే ఉండిపోయింది.

వంటింట్లో గిన్నె చప్పుడు వినిపించింది. ఆ తరవాత అదీ ఆగిపోయింది.

"నేనెక్కడికీ వెళ్ళలేదు" అన్నాడతను.

"నేనడగలేదుగా."

"అడగడం లేదనే భయంగా ఉంది."

"అడిగితే ఏం చెప్తారు? పెళ్ళికి ముందా, తరవాతా?"

"ముందూ లేదు, వెనకా లేదు. నీ మీదొట్టు."

"నా మీద వద్దు. నేనిప్పుడు ఒక్కదాన్ని కాదు." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మరి ఆకాశంలోంచి ఊడిపడిందా? సుఖం ఎవరో పడితే వ్యాధి ఊరికే వచ్చి మీ గొంతులో కూర్చుందా?"

"డాక్టరమ్మా అదే అడిగింది. తల దించుకున్నాను. నిజం చెప్పినా తల దించుకుంటే ఎవరు నమ్ముతారు?" అతను మెడ మీది బిళ్ళని వేలితో తడుముకున్నాడు. "రేపు నిన్ను తీసుకురమ్మంది."

"నన్నెందుకు?"

అతని చూపు ఆమె కడుపు దగ్గర ఆగింది.

పిచ్చుకకి అప్పుడు తెలిసింది భయమంటే ఏమిటో. ఇన్నాళ్ళూ భయపడ్డానని అనుకుంది. మొగుడు పోతాడేమోనన్నది ఒక భయం, దానికి ఏడవొచ్చు, నలుగురూ వచ్చి పక్కన కూర్చుంటారు. ఇది అలాంటిది కాదు. లోపల ఏమీ ఎరగకుండా పడుకున్న బిడ్డకి తన రక్తమే ఏం మోసుకుపోతోందో తెలియదు. ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియదు.

"ఎప్పుడు చెప్దామనుకున్నారు నాకు?"

"గ్లాసు వేరే పెట్టాను కదా."

"గ్లాసు." ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. "రాత్రి వరకూ పక్కన పడుకుని, ఇప్పుడు గ్లాసు వేరే పెట్టారు."

తలుపు తోసుకుని అత్తగారు లోపలికి వచ్చింది. చెవులు తలుపుకి ఆనించే అలవాటు ఆవిడకి లేదనలేం గానీ, ఇవాళ దాచుకోలేదు.

"సవాయా?" అంది మెల్లగా. పాతకాలపు మనిషి, పాతకాలపు మాట. "మా చిన్నప్పుడు ఒకాయన పోయాడు దాంతో. ఇంట్లోవాళ్ళు కూడా ఆయన గది గుమ్మం తొక్కలేదు."

"ఇప్పుడు మందుందమ్మా."

"మందు సంగతి కాదురా. వచ్చిన సంగతి." ఆవిడ కొడుకుని చూసింది, కోడలిని చూసింది. "మా వాడికి బట్టీ, ఇల్లు తప్ప మూడో గుమ్మం తెలియదు. నేను కన్న బిడ్డ, నాకు తెలుసు. మరి ఇంట్లోకి ఎలా వచ్చింది? పిచ్చుకా, నువ్వు..."

మాట పూర్తి చేయలేదు. పూర్తి చేసినా ఇంతకన్నా ఎక్కువ తగిలేది కాదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు గానీ, అస్త్రం వేసినవాళ్ళ చేతులు కూడా వణుకుతాయని ఎవరూ చెప్పరు.

"అమ్మా" అన్నాడు కొడుకు.

"నాకూ మూడో గుమ్మం తెలియదత్తయ్యా" అంది పిచ్చుక. "మీ ఇల్లు, మా అన్నయ్య ఇల్లు. అంతే."

ఆ పూట ఇంట్లో ఎవరూ భోజనానికి పిలవలేదు, ఎవరూ వడ్డించలేదు.

*

డాక్టరమ్మ చూడ్డానికి నిద్రలేని మనిషిలా ఉంది. మాట కటువు, చెయ్యి మెత్తన. పిచ్చుక నాలిక మీద చెక్కపుల్ల ఆనించి, టార్చి వేసి, గొంతు చాలాసేపు చూసింది. అరచేతులు తిప్పి చూసింది. మెడ మీద వేళ్ళు జరుపుతూ వచ్చి, దవడ కింద ఎడమ పక్క ఆగింది.

"ఇక్కడ నొప్పుందా?"

"లేదండీ." అన్నాక గుర్తొచ్చింది, ఈ జబ్బులో నొప్పి లేకపోవడమే చెడ్డ అని. "ఉందేమో. కొంచెం ఉందండీ."

"నా కోసం చెప్పొద్దమ్మా, ఉన్నది చెప్పు. చిన్న బిళ్ళే. మామూలుగా కూడా ఉండొచ్చు." డాక్టరమ్మ చెయ్యి తీసేసింది. "బిడ్డ కదులుతోందా?"

"పొద్దున కదిలింది."

నర్సు వచ్చి రక్తం తీసుకుపోయింది. మొగుడు కుర్చీ అంచున, లేచి పారిపోయేవాడిలా కూర్చున్నాడు.

"చూడమ్మా, దాచకుండా చెప్తాను" అంది డాక్టరమ్మ. "ఇది నీ రక్తంలోకి వచ్చి ఉంటే బిడ్డకీ చేరుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే బిడ్డ కడుపులోనే పోవచ్చు, పుట్టినా జబ్బుతో పుట్టొచ్చు. మనం వదిలెయ్యం. పరీక్షలో ఏమీ లేదని వచ్చినా నేను ఆగను, మొదట్లో ఇది రక్తంలో కనపడదు. ఈ పూటే సూది వేస్తాను. బిడ్డకీ అదే మందు. తొందరగా వచ్చారు, అది మంచిది."

పిచ్చుక తల ఊపింది. కడుపులోనే పోవచ్చు అన్న దగ్గరే ఆమె ఆగిపోయింది, తక్కిన మాటలు చెవిన పడ్డాయి గానీ లోపలికి పోలేదు.

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "నేనూ మొదట క్యాన్సరే అనుకున్నాను. నొప్పి లేని పుండు, గట్టి బిళ్ళ, ఎవరైనా అదే అనుకుంటారు. ముక్కలో అది లేదని వచ్చాక మళ్ళీ మొదటికి వెళ్ళాను. గొంతులో పుండుంటే ఈ జబ్బు మాకు చటుక్కున తట్టదు. తట్టకపోతే సోమవారం మీ మెడ ఊరికే కోసేవాళ్ళం." కాస్త ఆగింది. "ఇది లోపలికి ఎక్కడ దిగితే పుండు అక్కడే లేస్తుంది. మీకు టాన్సిల్ మీద లేచింది. అంటే నోట్లోంచి వచ్చింది. నిన్న అడిగితే తల దించుకున్నారు. ఇవాళ మీ ఆవిడ ముందు అడుగుతున్నాను."

"నేను చెప్పేది నిన్నా అదే, ఇవాళా అదే. నేను తప్పు చేయలేదండీ."

"సరే. తప్పు మాట వదిలేయండి. రోజంతా ఏం చేస్తుంటారు?"

"ఊదుతానండీ."

"ఏమిటి ఊదేది?"

"గాజు. సీసాలు." అతను రెండు చేతులూ పెదవుల ముందు పెట్టి, లేని గొట్టాన్ని పట్టుకుని చూపించాడు. పని మాట రాగానే అతని వెన్ను నిటారుగా లేచింది. మేస్త్రి మొదటి ఊపిరి ఎలా ఊదుతాడో, రెండోవాడు, పిచ్చుక అన్నయ్య అయిన తన బావ, ఎలా ఉబ్బిస్తాడో, తను ఎలా పూర్తి చేస్తాడో చెప్పాడు.

"అదే గొట్టమా? ముగ్గురికీ?"

"అదేనండీ."

"మధ్యలో తుడవరా?"

అతను నవ్వాడు. ఎన్నాళ్ళ తరవాతో నవ్వాడు. "తుడిస్తే గాజు చల్లారిపోతుందండీ. గొట్టానికి ఎంగిలి లేదని మావాళ్ళ మాట."

ఎప్పుడూ అనే మాటే, ఎప్పటిలాగే అన్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. టార్చి బల్ల మీద పెట్టింది. అతని నవ్వు మెల్లగా మొహం మీంచి జారిపోయింది.

"గొట్టానికి లేకపోవచ్చు" అంది ఆవిడ. "జబ్బుకి ఉంది. మిగతా ఇద్దర్లో ఎవరికైనా నోట్లో పుండుందా?"

"బట్టీ దగ్గర అందరికీ నోరు పూస్తుందండీ. వేడి. బట్టీ పూత అంటాం. వారంలో పోతుంది, మళ్ళీ వస్తుంది. దాన్నెవరు లెక్కచేస్తారు?"

"ఎవరికైనా మానకుండా చాలాకాలం ఉండిపోయిందా? పోయినట్టే పోయి మళ్ళీ మళ్ళీ వచ్చిందా?"

అతను బొటనవేలి గోరు గిల్లుకోవడం మొదలుపెట్టాడు. అమ్మకి అబద్ధం చెప్పేటప్పుడల్లా చేసే పని అది. పిచ్చుకకి బాగా తెలుసు.

"గుర్తు లేదండీ."

"గుర్తు చేసుకోండి. ఇదే దారి అని నేను ఒట్టేసి చెప్పలేను. మీరు చెప్పింది నిజమైతే మాత్రం ఇదే కావచ్చు. ఆ ఇద్దరూ నా దగ్గరికి రావాలి. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా."

సూది నడుము కింద వేశారు. మందు చిక్కగా, తెల్లగా, కలిపిన సున్నంలా ఉంది. లోపలికి పోతుంటే కాలు మొత్తం లాగేసింది. పిచ్చుక పళ్ళు బిగపట్టి, పోనీ, నొప్పైనా ఉంది కదా, అనుకుంది.

బయట వరండాలో బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. అతను ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరికి మానలేదు?"

"ఇంటికి పద. ఎండెక్కుతోంది."

"నా మొహం చూసి చెప్పండి. మేస్త్రిగారికా?"

అతను వరండా చివరికి చూశాడు. "నన్ను బట్టీలో మనవాడన్నది ఎవరు? నిన్నిచ్చింది ఎవరు?"

"నేనడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి?"

"అదే చెప్తున్నాను." గొంతు తగ్గించాడు. "చూశాను. నోటి మూల తెల్లగా ఉండేది. అడిగితే పూతేరా అన్నాడు. పూతే కావచ్చు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే, తన తప్పు బావ మీదకి తోశాడంటారు. నువ్వే అంటావు."

పిచ్చుక అనలేదు. అనకపోవడానికి నమ్మకం కారణం కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతని మాట అబద్ధమైతే తన సంసారం లేదు. నిజమైతే, నాన్న పోయాక తనకి జడ అల్లి బడికి పంపిన అన్నయ్య లేడు. ఏది కావాలో కోరుకోవడానికే ఆమెకి భయం వేసింది.

"మీరు ఇంటికెళ్ళండి" అని లేచింది. "అత్తయ్య ఒక్కతే ఉంది."

"నువ్వు?"

"వస్తాను."

ఎక్కడికని అతను అడగలేదు. ఆపనూ లేదు.

*

బట్టీ ఆసుపత్రి వెనక వీధి దాటితే వస్తుంది. పిచ్చుక కాలీడ్చుకుంటూ నడిచింది. రేకుల షెడ్డు, పెద్ద తలుపు, లోపల్నుంచి పంకాల హోరు. గుమ్మం దగ్గరికి రాకముందే వేడి మొహానికి కొట్టింది. నేల మీద గాజు పెంకులు కాళ్ళ కింద నలిగాయి. ఎవరూ ఆమెని చూడలేదు. అక్కడ పనిలో ఉన్నప్పుడు ఎవరూ గుమ్మం వైపు చూడరు.

మేస్త్రి గొట్టాన్ని బట్టీలో ముంచి తీశాడు. కొసన గాజు ఎర్రగా, నిమ్మకాయంత. ఇనప పలక మీద దొర్లించి, ఒక ఊపిరి ఊది అందించాడు. అన్నయ్య అందుకున్నాడు. పెదవికి పెట్టి బుగ్గలు పూరించి ఊదాడు. గాజు ఉబ్బింది. పిచ్చుకకి చిన్నప్పట్నుంచీ అది చూడ్డమంటే ఇష్టం. అన్నయ్య బుగ్గలు అలా ఉబ్బితే నవ్వొచ్చేది.

తరవాత గొట్టం మూడో మనిషికి పోవాలి. మొగుడు రావడం లేదు కనక ఆ జాగాలో పొట్టాయన నిలబడ్డాడు. చెయ్యి చాపి ఎదురు చూస్తున్నాడు.

అన్నయ్య గొట్టం నోట్లోంచి తీశాడు. భుజం అటు తిప్పుకున్నాడు. మెడలో తువ్వాలు కొస లాగి, గొట్టం మూతి చుట్టూ తుడిచాడు. తిప్పి, తువ్వాలు ఇంకో వైపుతో మళ్ళీ తుడిచాడు. అప్పుడు పొట్టాయనకి అందించాడు.

"ఏమిట్రా ఆ నసుగుడు? గాజు చల్లారి చస్తోంది" అని కేకేశాడు మేస్త్రి. "ఈ మధ్య నీకిదో కొత్త జబ్బు పట్టుకుంది."

పొట్టాయన ఊదాడు. సీసా ఒక పక్క పలచన, ఒక పక్క మందం. తిట్టుకుంటూ విరగ్గొట్టి పెంకుల తొట్టిలో పడేశారు.

పిచ్చుక తలుపు చెక్క పట్టుకుంది. తుడిచేవాడికి ఇక్కడ పని లేదురా. పెళ్ళిలో అందరూ నవ్విన మాట. ఆ మాటన్నవాడే తుడుస్తున్నాడు. మొగుడు చెప్పింది నిజమా అబద్ధమా అని ఇక ఎవర్నీ అడగనక్కర్లేదు. ఆ తెలిసిన సంగతికి ఆమె ఒక్క క్షణం ఊపిరి తేలిగ్గా తీసుకుంది. మరుక్షణం, అలా తీసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అన్నయ్య తల తిప్పి చూశాడు. మొహం చెమటతో మెరుస్తోంది. నవ్వుతూ బయటికి వచ్చాడు.

"ఈ వేడిలోకెందుకొచ్చావే పిచ్చుకా, ఒట్టి మనిషివి కూడా కాదు. కాలేమిటి అలా ఈడుస్తున్నావు?"

"సూది వేశారు."

"నీకెందుకు?"

చెప్పనవసరం లేకపోయింది. అన్నయ్య నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు నవ్వడం మానేశాయి.

"ఎప్పట్నుంచి తుడుస్తున్నావన్నయ్యా?"

"ఏమిటి?"

"గొట్టం."

అతను చేతిలో తువ్వాలు వంక చూసుకున్నాడు, అది తనది కానట్టు. లోపల మేస్త్రి పేరుపెట్టి పిలుస్తున్నాడు. వినిపించుకోలేదు.

"మీ ఆయనకి మెడ మీద బిళ్ళ లేచిన దగ్గర్నుంచి" అన్నాడు.

"అంటే నీకు తెలుసు. మేమంతా అది అదే అనుకుని ఏడుస్తుంటే, ఆయన మెడ కోయించుకోడానికి సిద్ధపడుతుంటే, నువ్వు రోజూ వచ్చి ధైర్యం చెప్పి వెళ్ళావు. అన్నీ తెలిసే."

"తెలీదే. అనుమానం. అనుమానం మాత్రమే." అతను తువ్వాలు మెలిపెడుతున్నాడు. "ఒక్కసారే పొరపాటు చేశాను. తరవాత నోట్లో పుండు లేచింది, మందూ మాకూ లేకుండా దానంతటదే మానిపోయింది. ఒంటి మీద దద్దు వచ్చింది, అదీ పోయింది. పోయిన జబ్బుని పట్టుకుని ఎవరికి చెప్పమంటావు? అప్పుడప్పుడూ నోరు పూసేది. బట్టీ పూతే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను."

"ఎప్పుడు? ఆ పొరపాటు ఎప్పుడు?"

"పోయిన ఏడు."

పోయిన ఏడు. పిచ్చుక ఆ మాటని పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ గొంతు చెవిలో మళ్ళీ వినిపించింది, పట్టించుకోకుండా వదిలేస్తే బిడ్డ కడుపులోనే పోవచ్చు. పోయిన ఏడు ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో వచ్చిన వదిన, గది మూల ముడుచుకుని, బిందె ఎత్తాను, నేనే ఎత్తాను అంటూ ఏడ్చిన వదిన. చుట్టూ కూర్చున్నవాళ్ళు తలలూపారు. ఆ తలల్లో తనదీ ఒకటి. అన్నయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు, ఒక్క మాట అనలేదు.

"బిందె కాదన్నమాట" అంది.

అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకున్నాడు. అతని చెయ్యి చెమటతో చల్లగా ఉంది.

"డాక్టరమ్మ నిన్నూ, వదిననీ రమ్మంది" అంది పిచ్చుక.

"నేనొస్తాను. ఈ పూటే వస్తాను, ఎన్ని సూదులైనా పొడిపించుకుంటాను. మీ వదినకి మాత్రం చెప్పకే." అన్నయ్య ఆమె చెయ్యి వదల్లేదు. "ఇప్పుడసలే చెప్పకూడదు. నీకు ఈ ఆదివారం వచ్చి తనే చెప్తానంది. దానికి మళ్ళీ నెల తప్పింది."